జేబు పిస్తోలు, మెంతుల డబ్బా

తుపాకుల అంగడిలో అడుగు పెట్టడం నాకు జన్మలో ఇదే మొదలు. డెబ్బైయారో యేట, అదీ మా వదిన వెంట, ఒక జంఖానా చుట్ట చంకన పెట్టుకొని అక్కడికి పోవలసి వస్తుందని ఎవరైనా జోస్యం చెప్పివుంటే నవ్వి ఊరుకొనేవాణ్ణి. అంగడి మాత్రం నాకు కొత్తది కాదు. ఈ బళ్ళారిలో ముప్పైరెండేళ్ళు పిల్లలకు చరిత్ర పాఠాలు చెప్పాను. పొద్దున బడికి పోతూ, సాయంత్రం వస్తూ, ఆ అంగడి ముందునుంచే సైకిలు తొక్కాను. ఒక ప్రక్క విత్తనాల కొట్టు, ఇంకొక ప్రక్క పంపుసెట్లు బాగుచేసేవాడు, నడుమ అది. తలుపుకు ఇనుప జాలీ, లోపల ఎప్పుడూ మసక. ఆ మసకలో ఏముందో చూద్దామన్న కోరిక అన్నేళ్ళలో ఒక్కనాడూ కలుగలేదు. కలుగకపోవడానికి కారణం ఉంది. అది తర్వాత చెపుతాను.

2024 మార్చిలో లోక్‌సభ ఎన్నికల ప్రకటన వచ్చింది. ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులు పోలీసు ఠాణాలోనో, లైసెన్సు ఉన్న అంగడిలోనో అప్పగించవలసి వస్తుంది. పట్నంలో ఉండేవారికి ఈ సంగతి తెలియకపోవచ్చునుగాని, పొలాలున్న వారికి బాగా తెలుసు. మా అన్న అంతకు ముందటి కార్తీకంలో పోయాడు. ఆయన పేర ఒక జోడుగొట్టాల తుపాకి ఉండేది. వేరుసెనగ చేలో అడవిపందులు పడుతున్నాయని ఎప్పుడో తీసికొన్నది. ఆయన దానితో పందిని కొట్టిన జాడ లేదు. రాత్రివేళ ఆకాశంలోకి ఒకసారి పేల్చి వచ్చి పడుకొనేవాడు.

ఎన్నికల జాబితా పట్టుకొని వచ్చిన కానిస్టేబులు, లైసెన్సుదారు పోయాడని తెలిసి, "అట్లయితే ఇది ఎన్నికల లెక్క కాదమ్మా. యజమాని పోయినాక తుపాకి ఇంట్లో ఉండనే కూడదు" అన్నాడట. చట్టం అల్లాగే ఉన్నది మరి. 1959లో చేసి, 1962 అక్టోబరు 1 నుంచి అమలుపరచిన ఆయుధాల చట్టం ప్రకారం, లైసెన్సుదారు చనిపోతే వారసులు ఆలస్యం చేయకుండా ఆయుధాన్ని ఠాణాలోగాని, లైసెన్సున్న వర్తకుని వద్దగాని అప్పగించి రసీదు తీసికోవాలి. అది తెలియక మేము నాలుగు నెలలు దాన్ని అటకమీదనే ఉంచాము. ఠాణాలో ఒక చీటీ వ్రాయించుకొన్న తర్వాత వదిన నాకు ఫోను చేసింది.

"ఏమప్పా, నీవు కూడా రావల్ల. తుపాకి పట్టుకొని నేనొక్కదాన్నే ఆటోలో పోతే జనం ఏమనుకొంటారు?"

"ఇద్దరం ముసలివాళ్ళం పట్టుకొని పోతే ఏమీ అనుకోరా?" అన్నాను.

జంఖానాలో చుట్టి తీసికొనిపోయాము. ఆటోవాడు అద్దంలోనుంచి చూచి, "తంబూరానా అవ్వా? భజనకా?" అని అడిగాడు. వదిన ఏమాత్రం తొణకకుండా "ఊఁ" అన్నది.

అంగడి యజమాని నాకంటె నాలుగేళ్ళు చిన్న. వాళ్ళ నాయన కాలంనుంచి ఉన్న వ్యాపారం. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఒకే వాక్యంలో మాట్లాడగలడు. మా ఊళ్ళో అది పెద్ద విశేషం కాదనుకోండి. "రండి మేష్ట్రూ, ఇన్నాళ్ళకు మా అంగడికి దారి తెలిసిందా?" అని కుర్చీ వేశాడు. జంఖానా విప్పి, తుపాకి నడుమ విరిచి, రెండు గొట్టాలలోకీ వెలుతురు పట్టి చూచాడు. "ఖాళీ అని మీరు చెప్పినా నేను చూడవల్ల. నేను చెప్పినా మీరు చూడవల్ల. ఈ వ్యాపారంలో మొదటి పాఠం ఇదే" అన్నాడు.

నేనేమీ అనలేదు.

ఆయన పెద్ద రిజిష్టరు తీసి వ్రాసుకొంటూ ఉండగా వదిన గుడ్డసంచిలోంచి కాగితాల కట్ట తీసింది. అన్న ట్రంకుపెట్టెలో ఏవి దొరికితే అవి అన్నీ తెచ్చింది: లైసెన్సు, పొలం పహణీలు, కరెంటు బిల్లులు, పెండ్లి శుభలేఖ ఒకటి. వాటి నడుమ మడతలు చిరిగిన చిన్న పుస్తకం ఒకటి ఉంది. యజమాని దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూచాడు.

"ఇది మద్రాసు గవర్నమెంటు కాలంది. మీ నాయనకు పిస్తోలు ఉండెనా మేష్ట్రూ?"

"ఉండేది" అన్నాను.

"బెల్జియం బ్రౌనింగు అని వ్రాసివుంది. పాయింటు ఇరవైఐదు బోరు. ఉండండి, దాని తమ్మున్ని చూపిస్తాను."

వద్దనే లోపలే లేచి ఇనుప బీరువా తెరిచాడు. అందులోనుంచి చెక్క తట్ట ఒకటి తెచ్చి బల్లమీద పెట్టాడు. పైన కప్పిన పాత మకమల్ గుడ్డ తీశాడు. నాలుగు పిస్తోళ్ళు. ఒక్కొక్కదానికీ దారంతో ఒక చీటీ కట్టివుంది. పెండ్లివారి ఇంట్లో నగలు చూపినట్లు చూపుతూ, "ఇవన్నీ పోయినోళ్ళవి. వారసులు వస్తారని కాచుకొని ఉన్నాయి" అన్నాడు.

పెద్ద తుపాకి చూస్తే భయం వేస్తుంది. వీటిని చూస్తే భయం వేయదు. అదే వీటి గుణం. అన్నిటికంటె పాతది మందు కూరి, టోపీ పెట్టి పేల్చే ఒంటిగుండు పిస్తోలు. బర్మింగ్‌హామ్ ముద్రలున్నాయి. పిడి వాల్‌నట్ చెక్క. చేతిలో పట్టుకొంటే సన్నాయి కంటె చిన్నది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరపు హెన్రీ డెరింజర్ అనే తుపాకులవాడు ఇల్లాంటివి చేసి ఎంత పేరు తెచ్చుకొన్నాడంటే, తర్వాత ఎవరు చేసిన జేబు పిస్తోలునైనా డెరింజర్ అనే అన్నారు. నకలు చేసినవాళ్ళు పేరులో ఒక అక్షరం ఎక్కువ వేసి అమ్ముకొన్నారు. 1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్ నాటకశాలలో లింకన్ తల వెనుక పేలినది ఆయన చేసిన పిస్తోలే. పొడుగు ఆరంగుళాలు లేదు. ఒక్క గుండు. రెండోది కూరే వ్యవధి ఉండదు, అవసరమూ కలుగలేదు.

రెండవది ఇంగ్లీషు కంపెనీ వెబ్లీ అండ్ స్కాట్ వారిది, బొమ్మలాంటిది. మూడవది అమెరికా కోల్టు, 1903 నమూనా. పిడిమీద ముందుకాళ్ళు ఎత్తిన గుర్రపుపిల్ల. ఈ కోల్టును 'సుత్తి లేని జేబు పిస్తోలు' అని అమ్మారు. నిజానికి సుత్తి ఉంది. పైకి కనబడకుండా లోపల దాచారు. జేబులోంచి తీసేటప్పుడు అంగీకి తగులుకోకూడదని ఆ ఏర్పాటు. అలహాబాదు ఆల్‌ఫ్రెడ్ పార్కులో 1931 ఫిబ్రవరి 27న చంద్రశేఖర్ ఆజాద్ చేతిలో ఉండినది ఈ నమూనా పిస్తోలే. ఆ పార్కుకు ఇప్పుడు ఆయన పేరే. అందులో ఉన్న మ్యూజియంలోనే ఆ పిస్తోలునూ ఉంచారు. ఈ మాట నేను అంటే అంగడి యజమాని, "చూస్తిరా, కంపెనీ అదే, గుర్రం అదే. ఇదేమో ఒక రైసుమిల్లు షావుకారుది. పెట్టెలోంచి బయటికి తీసిన పాపాన పోలేదు" అన్నాడు.

నాలుగవదానిమీద నా చూపు మొదటినుంచీ ఉంది. అది చూడకుండా ఉండాలని మిగతా మూడింటినీ అంతసేపు చూచాను.

నల్లని చిన్న వస్తువు. పొడుగు నాలుగున్నర అంగుళాలు. బరువు మూడువందల అరవై గ్రాముల ప్రాంతం. మన ఇండ్లలో అడకత్తెరే అంతకంటె బరువుంటుంది. పిడికి రెండువైపులా నల్లరబ్బరు పలకలు, వాటిమీద ఎఫ్, ఎన్ అనే అక్షరాలు పెనవేసుకొని ఉంటాయి. బెల్జియంలో లియేజ్ ప్రక్కన హెర్‌స్టాల్ అనే ఊళ్ళో ఉన్న ఫాబ్రిక్ నాసియొనాల్ కంపెనీ గుర్తు అది. దీన్ని ఊహించి గీసినవాడు జాన్ బ్రౌనింగ్, 1855లో అమెరికాలో యూటా రాష్ట్రంలో పుట్టినవాడు. తండ్రి కూడా తుపాకులు చేసేవాడే. ఈ కొడుకు ప్రాణం పోయిందీ ఆ హెర్‌స్టాల్ కార్ఖానాలోనే, 1926లో, పనిమీద పోయివుండగా. ఈ నమూనా 1906లో బజారుకు వచ్చింది. పది లక్షలకు పైగా చేశారు. పది లక్షల జేబులు!

ఆ కార్ఖానా పిస్తోళ్ళు చరిత్రలో ఎక్కడెక్కడ తేలాయో నేను పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. 1909 డిసెంబరు 21న నాసిక్ నాటకశాలలో కలెక్టరు జాక్సన్‌మీద అనంత్ కన్హేరే పేల్చినది బ్రౌనింగ్ పిస్తోలు. లండనునుంచి సావర్కర్ పంపిన ఇరవైలో ఒకటి. 1911 జూన్ 17న మణియాచ్చి స్టేషనులో రైలుపెట్టెలో కూర్చున్న కలెక్టరు యాష్‌ను కాల్చి, అదే పిస్తోలుతో తన్ను కాల్చుకొన్న వాంచినాథన్ చేతిలోదీ బ్రౌనింగే. 1914 జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా యువరాజు దంపతులమీద పేలినది ఆ కార్ఖానాదే, 1910 నమూనా. దానివెనుక నాలుగేళ్ళ మహాయుద్ధం. నేను పుట్టిన 1948లో, జనవరి 30న, ఢిల్లీ బిర్లా భవనంలో మహాత్ముని పొట్టన పెట్టుకొన్నది మాత్రం ఇటలీ బెరెట్టా, అదీ చిన్నదే. తేదీలన్నీ నల్లబల్లమీద వ్రాసినవాణ్ణి నేను. ఆ వస్తువు ఎంత ఉంటుందో పిల్లలకు ఒకసారీ చేతితో చూపలేదు. ఎంత ఉంటుందో నాకు బాగా తెలుసు.

మా నాయన సండూరు మాంగనీసు గనులలో గుమాస్తా. కూలీల బటవాడా రోజున బళ్ళారి బ్యాంకునుంచి డబ్బుపెట్టె జీపులో వేసికొని కొండదారిన పోయేవాడు. స్వదేశానికి మరలిపోతున్న ఒక దొర 1947లో ఈ పిస్తోలును ఆయనకు అమ్మాడు. లైసెన్సు ఇచ్చినది మద్రాసు రాష్ట్రపు బళ్ళారి కలెక్టరు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలోకీ, మేము మైసూరులోకీ పోయాము. పిస్తోలు మాతోనే వచ్చింది.

అది ఇంట్లోకి వచ్చిననాటినుంచి అమ్మకు నిద్రలేదు. వద్దనడానికి లేదు, జీతం దానిమీద ఆధారపడివుంది. చివరికి ఆమె ఒక షరతు పెట్టింది: "నీ పిస్తోలు నీ దగ్గర ఉండనీ. ఆ గుండ్ల పెట్టె నా దగ్గర ఉండవల్ల."

గుండ్ల పెట్టె అంటే మ్యాగజీను. ఈ పత్రికనూ మనం మ్యాగజీను అనే అంటాము. అరబ్బీలో కొట్టుగది అనే అర్థం ఉన్న మాట ఎక్కడెక్కడో తిరిగి రెంటికీ పేరై కూర్చుంది. ఒకదానిలో కథలు, ఒకదానిలో తూటాలు. వేలెడు పొడుగు రేకుగూడు, ఆరు తూటాలు పడతాయి. పిడి అడుగునుంచి లోపలికి తోస్తే అతుక్కొంటుంది. అమ్మకు యంత్రం సంగతి ఏమీ తెలియదు. గుండ్లు వేరుగా, పిస్తోలు వేరుగా ఉంటే చాలుననుకొంది. వంటింట్లో మెంతుల డబ్బాలో అడుగున పెట్టేది. పూటపూటా చేయి పెట్టే డబ్బా కాదు గనుక పిల్లల కన్ను పడదని ఆమె లెక్క. బటవాడా రోజు పొద్దున నాయన కోటు తొడుక్కొని, బూట్లు వేసికొన్నందువల్ల లోపలికి రాలేక, వంటింటి గడప బయట చేయి చాచి నిలబడేవాడు. ఆమె కొంగుతో తుడిచి ఇచ్చేది. సాయంత్రం తిరిగి రాగానే ఆయన దాన్ని ఊడదీసి మళ్ళీ ఆమె చేతిలో పెట్టిన తర్వాతనే కాళ్ళు కడుక్కొనేవాడు. "బందిపోట్లు వస్తే మెంతి వాసనకే పారిపోతారు" అని ఆఫీసులో ఎగతాళి చేసేవారని నాయన విసుక్కొనేవాడు.

అది 1957 మే నెల. నాకు తొమ్మిదేళ్ళు, అన్నకు పదమూడు. బటవాడా అయిన మర్నాడు మధ్యాహ్నం. నాయన వసారాలో నిద్రపోతున్నాడు. అమ్మ పెరట్లో వడియాలకు కాపలా. అన్న నడవలో నులకమంచం మీద పడుకొని డిటెక్టివు నవల చదువుతున్నాడు. నాకు ఇవ్వమంటే ఇవ్వడంలేదు. నేను నాయన బీరువాలో పంచెల క్రిందనుంచి పిస్తోలు తీశాను. నాయన వేలితో దించే చిన్న మీటను దించాను; ఆయన చేయగా చాలాసార్లు చూచాను. రెండు చేతులతో బిగించి పట్టుకొని, మంచానికి రెండు గజాల దూరంలో నిలబడి, "చేతులెత్తు! నేను డిటెక్టివును" అన్నాను.

అన్న పుస్తకం మీదనుంచి తల ఎత్తాడు. "గుండ్లు అమ్మ దగ్గర ఉండాయిలేరా" అన్నాడు.

అతని ఎదురురొమ్ముకు గురిపెట్టి నొక్కాను.

ఏమీ కాలేదు. చప్పుడుకూడా కాలేదు. అన్న లేచి నా చేతిలోనుంచి లాక్కొన్నాడు. బీరువాలో పంచెల క్రింద పెట్టి వచ్చాడు. నన్ను ఒక్క దెబ్బ కొట్టాడు. మళ్ళీ నవల చేతిలోకి తీసికొన్నాడు. అంతటితో అయిపోయింది.

అయిపోలేదు. ఆ సాయంత్రం నాయన చాపమీద కూర్చొని పిస్తోలు తుడవడానికి తీశాడు. చేతిలోకి తీసికొన్నవాడు ఒక క్షణం ఆగాడు. తర్వాత పైతొడుగు వెనక్కు లాగాడు. లోపలినుంచి పచ్చగా మెరుస్తూ ఒక తూటా ఎగిరి చాపమీద పడింది. దొర్లుకొంటూ గోడదాకా పోయి ఆగింది. నేను తలుపు చాటున ఉన్నాను. ఆ తూటా దొర్లిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

తొమ్మిదేళ్ళవాడికి యంత్రం తెలియకపోయినా ఇంత మాత్రం తెలిసింది: మధ్యాహ్నం నేను నొక్కినప్పుడు ఆ తూటా అందులోనే ఉంది. మరి ఎందుకు పేలలేదు? దేవుడన్నాను, అన్న ఆయుర్దాయమన్నాను, తూటా చెడిపోయిందన్నాను. అరవైయారేళ్ళు ఆ ప్రశ్న నాలోనే ఉండిపోయింది. ఆ అంగడి ముందు నా సైకిలు ఎప్పుడూ కొంచెం వేగంగా పోయేది.

ఇప్పుడు ఆ వస్తువు నా ముందు బల్లమీద ఉంది. ఎవరో చుట్టంవారి పిల్లవాడి కథగా చెప్పి, అంగడి యజమానిని అడిగాను. మ్యాగజీను తీసివేసిన పిస్తోలులో తూటా ఎట్లా మిగులుతుందని మొదట, మిగిలితే ఎందుకు పేలదని తర్వాత.

"మిగులుతుంది మేష్ట్రూ. ఎక్కువ ప్రమాదాలు అట్లనే జరుగుతాయి. పైతొడుగు లాగి వదిలితే ఒక తూటా గొట్టంలోకి ఎక్కి కూర్చుంటుంది. తర్వాత క్రింద మ్యాగజీను ఊడదీసినా పైన కూర్చున్నది దిగదు. మనిషి ఏమో గుండ్లన్నీ తీసేసినాను, ఖాళీ అనుకొంటాడు. పేలకపోవడానికి, దీంట్లో మూడు కట్టుబాట్లు ఉన్నాయి, చూడండి. బొటనవేలి దగ్గర ఈ మీట ఒకటి. పిడి వెనుక ఈ పట్టీ ఒకటి. అరచేయి దాన్ని అదిమితేగాని ట్రిగ్గరు పని చేయదు. మొదట్లో చేసినవాటికి ఈ పట్టీ ఒక్కటే ఉండె. తర్వాత మూడోది కూడా పెట్టినారు. ఇదిగో."

ఖాళీ పిస్తోలును మరొకసారి తెరిచి, వేలు పెట్టి చూచి, మ్యాగజీను ఎక్కించి, గోడవైపు తిప్పి నొక్కాడు. టక్కుమన్నది. పైతొడుగు మళ్ళీ లాగి, ఈసారి మ్యాగజీను ఊడదీసి నొక్కాడు. ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దాన్ని నేను గుర్తుపట్టాను.

"మ్యాగజీను లేకపోతే ట్రిగ్గరుకూ లోపలి యంత్రానికీ సంబంధం తెగిపోతుంది. తూటా ఉన్నా పేలదు. అన్ని పిస్తోళ్ళకూ ఇది ఉండదు. ఆ వెబ్లీ అయితే పిల్లవాని అన్న బతికివుండడు."

నేను మీట దించాను. రెండు చేతులతో పట్టీని అదిమాను. మిగిలింది మూడవది. అది మెంతుల డబ్బాలో ఉంది.

మంచినీళ్ళు అడిగి త్రాగాను. వదిన నావైపు చూచిందిగాని ఏమీ అడుగలేదు.

యజమాని మా నాయన లైసెన్సు పుస్తకం, తట్టలోని పిస్తోలు నంబరూ ప్రక్కప్రక్కన పెట్టి పోల్చాడు. మొదటి రెండు అంకెలు కలిశాయి, తర్వాతివి కలియలేదు. అది కాదు. అదే అయివుండాలని నేను కోరుకొన్నానో, కాకూడదని కోరుకొన్నానో చెప్పలేను. ఆయన పుస్తకం చివరి పుట త్రిప్పి అద్దాలు సవరించుకొన్నాడు.

"మీ నాయన చాలా ఏండ్లు ఉంచుకోలేదే. 1957 జూన్‌లోనే అమ్మేసినారు. డీలరు ముద్ర ఉంది, చూడండి."

నేను ఇన్నాళ్ళూ వేరుగా అనుకొన్నాను. నాయన 1964లో ఉద్యోగం విరమించినప్పుడు పిస్తోలు వదిలించుకొన్నాడని మా ఇంట్లో వాడుక. బటవాడా జీపులో తుపాకి పట్టుకొన్న జవాను ఒకడు కూర్చొనేవాడని జ్ఞాపకం ఉందిగాని, ఎప్పటినుంచి కూర్చున్నాడో నేను పట్టించుకోలేదు. తేదీ వ్రాసిన సిరా వెలిసిపోయింది. జూన్ మొదటి వారం. అంటే ఆ తూటా దొర్లిన తర్వాత నెలయినా ఆగలేదు. చాపమీద కూర్చొని పిస్తోలు చేతిలోకి తీసికొన్న నాయన ఆ ఒక్క క్షణం ఎందుకు ఆగాడో అప్పుడు నాకు అర్థమయింది. మీట దించినది దించినట్టే ఉంది. అన్నకు దాన్ని ఎత్తిపెట్టాలని తెలియదు. ఎవరు తీశారని ఆయన మమ్మల్ని అడుగలేదు. కొట్టలేదు. తాను తూటా మరచిపోయానన్న మాట అమ్మతో అనివుంటాడా? అనివుండడనే నా నమ్మకం.

ఇంతలో బెంగుళూరునుంచి మా అన్న కొడుకు ఫోను చేశాడు. వాడు చట్టమంతా చదివాడు. 2016 నిబంధనల ప్రకారం వారసుడు దరఖాస్తు పెట్టుకోవచ్చునట. 2019 సవరణనుంచి ఒక మనిషికి మూడు కాదు, రెండే ఆయుధాలట. వాడికి ఒక్కటీ లేదు గనుక చిక్కు లేదట. తట్ట సంగతి విని, "చిన్నాయనా, బ్రౌనింగా! దాని ధర అడుగు" అన్నాడు. అంగడి యజమాని నవ్వాడు. 1980ల నడుమ విదేశపు తుపాకుల దిగుమతి ఆగిపోయిందట. అప్పటినుంచి ఇక్కడ ఉన్నవే చేతులు మారుతున్నాయి. అందువల్ల మంచి కోల్టూ వాల్తరూ లక్షలు పలుకుతాయి. ఇంత చిన్న బోరుకు తూటాలు దొరకడం కష్టం గనుక ఈ చిన్నవాటికి అంత గిరాకీ లేదు. "పని చేయదని ధర తగ్గుతుంది. ముద్దుగా ఉందని మళ్ళీ పెరుగుతుంది" అన్నాడు.

వదిన ఫోను నా చేతిలోనుంచి తీసికొంది. "నీకు చేను లేదు, పంది లేదు. తుపాకి ఏం చేస్తావురా? మీ నాయనది కావాలంటే ఆయన గడియారం ఉంది, తీసుకపో" అని పెట్టివేసింది. జోడుగొట్టాలదాన్ని లైసెన్సున్న రైతు ఎవరైనా వస్తే చట్టప్రకారం అమ్మిపెట్టమని యజమానితో చెప్పి, రసీదు మడిచి రవికెలో పెట్టుకొంది.

ఆటోలో ఖాళీ జంఖానా ఆమె ఒడిలో ఉంది. బ్రూస్‌పేట దాటేవరకు ఇద్దరం మాట్లాడలేదు. ఆ తర్వాత ఆమెకు చెప్పాను. చుట్టంవారి పిల్లవాడు ఎవరో, మంచంమీద ఉన్నది ఎవరో. అన్న బ్రతికివుండగా చెప్పవలసినది, వితంతువైన ఆమెకు చెపుతున్నందుకు సిగ్గు వేసింది.

"నాకు తెలుసప్పా" అన్నది ఆమె.

నేను తెల్లబోయాను.

"పెండ్లయిన కొత్తలోనే చెప్పినాడు. ఆ సాయంత్రం ఆయన మిద్దెమెట్ల మీద ఉండెనంట. గుండు దొర్లింది చూసినాడంట. మామ ముఖం చూసినాడంట. పేలివుంటే తాను పోయేది కాదు బాధ, పిల్లోడు బతికినంతకాలం ఏమయ్యేవాడో అనేవాడు. ఆ గుండు సంగతి వానికి తెలీదు, ఎప్పుడూ చెప్పొద్దు అని నాతో ఒట్టు పెట్టించుకొన్యాడు. నీవు చూస్తివని ఆయనకు తెలీదు."

నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. కోటకొండమీద ఎండ తగ్గుతున్నది. అన్న నన్ను ఎప్పుడైనా కోపంగా చూచినట్లయితే, అది ఆ సంగతి తలచుకొనే చూస్తున్నాడని ఎన్నిసార్లు అనుకొన్నానో! పొలం పంచుకొన్ననాడు బావిగట్టు అంతా నాకే వదిలిపెడితే, దాన్నీ అనుమానించాను.

ఆటో ఇంటిముందు ఆగింది. డబ్బులిచ్చేటప్పుడు ఆటోవాడు, "తంబూరా అమ్మేసినారా అవ్వా?" అని అడిగాడు.

"అమ్మేస్తిమి" అని, వదిన జంఖానా రెండుసార్లు దులిపి మడుచుకొని లోపలికి పోయింది. "కాఫీ తాగి పోదువుగాని, రాప్పా" అన్నది లోపలినుంచి.